పాత 697 ఇంజిన్‌కి గట్టి స్ప్రింగులు వేయిస్తే పికప్ పెరుగుతుందా?

మీ ప్రశ్న చదవగానే మా నాన్న లారీ గుర్తొచ్చింది. మీది టాటా 1210 లారీ, 697 ఇంజిన్. టాపెట్లు (క్యామ్ తోపుని వాల్వుల దాకా అందించే ముక్కలు) చప్పుడు చేస్తున్నాయి, లోడుతో ఎత్తు ఎక్కనంటోంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తోంది. హెడ్డు ఎలాగూ దించుతున్నారు కాబట్టి గట్టి వాల్వు స్ప్రింగులు, రోలర్ రాకర్లు (వాల్వుని నొక్కే తూగుచేతులు రాకర్లు, వాటి మూతికి చిన్న చక్రం ఉంటే రోలర్ రాకర్లు) వేయించమని ఎవరో చెప్పారు. వేయించాలా అని అడిగారు. స్ప్రింగులు వద్దు, రోలర్ రాకర్లు అసలే వద్దు. ఆ డబ్బు పొగని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వుల మీద, వాల్వు కాడ ఆడే గొట్టాలైన గైడ్ల మీద పెట్టండి. నేను మొదట స్ప్రింగుల మీదే పెట్టి చెడిపోయాను.

మాది మార్కాపురం వైపు, పలకల లోడ్లు తోలేవాళ్లం. పెట్రోలు కార్ల వాళ్లు చేసుకునేవి చూసి, మేస్త్రీ వద్దంటున్నా వినకుండా స్ప్రింగుల కింద మందం వాషర్లు వేయించి టెన్షన్ పెంచాను. పికప్ రవ్వంత కూడా మారలేదు. ఏడాది తిరక్కుండా క్యామ్ మీద ఆడే టాపెట్ల అడుగున గుంటలు పడ్డాయి, క్యామ్ షాఫ్ట్ కూడా అరిగింది. వాషర్ల ఖర్చు వందల్లో, దాని ఫలితం వేలల్లో.

తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ వేళ్ల మీద లెక్క చెప్పాడు. 697 అంటే 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. స్ట్రోకు 128, బోరు కంటే బాగా పొడుగు. టెల్కోకి (ఇప్పటి టాటా మోటార్స్) బెంజ్‌తో పొత్తు ఉన్న రోజుల నాటి వంశం, నెమ్మదిగా తిరుగుతూ లాగడానికి పుట్టిన ఇంజిన్. డీజిల్ పంపులోని గవర్నర్ దాన్ని 2800 ఆర్‌పీఎం దగ్గరే ఆపేస్తుంది. క్యామ్ తిరిగేది అందులో సగం, అంటే ఒక్కో వాల్వు నిమిషానికి 1400 సార్లు తెరుచుకుంటుంది. ఆ మాత్రం వేగానికి కంపెనీ స్ప్రింగే ఎక్కువ. డీజిల్‌లో పవర్ వచ్చేది పంపు, నాజిల్స్, కంప్రెషన్ నుంచి. వాల్వు చేయాల్సిందల్లా గట్టిగా మూసుకోవడమే.

గవర్నర్ మాట చెల్లని చోటు ఒక్కటుంది, ఘాట్ దిగుడు. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతూ మా డ్రైవరు వేగం మీదే రెండో గేరు వేశాడు. అప్పుడు ఇంజిన్ని తిప్పేది డీజిల్ కాదు, చక్రాలు. గవర్నర్ ఆపలేని వేగానికి రెండు పుష్ రాడ్లు (టాపెట్ నుంచి రాకర్‌ని తోసే కడ్డీలు) వంగిపోయాయి. దానికి మందు గట్టి స్ప్రింగు కాదు, డ్రైవరుకి నాలుగు మాటలు. మీవి కూడా తీశాక గాజు పలక మీద దొర్లించి చూడండి, వంకర ఉంటే అక్కడే ఎగురుతుంది.

ఇక మీ బండి జబ్బు నా అంచనాలో ఇది. రాకర్ మూతి వాల్వు మీద ఆనే చోట చిన్న గుంట పడి ఉంటుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు ఆ గుంట మీదుగా వంతెనలా పడుకుంటుంది కానీ లోపలికి దిగదు. మీరు 0.30 మిల్లీమీటర్లు అనుకుని బిగిస్తారు, అసలు సందు అంతకంటే ఎక్కువ ఉంటుంది, చప్పుడు పోదు. చప్పుడు పోవాలని ఇంకా బిగించేవాళ్లున్నారు. అది ఇంకా ప్రమాదం. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం దించుకునేది సీటు (హెడ్డులో వాల్వు అంచు ఆనే వలయం) మీద కూర్చున్న ఆ కాసేపే. సందు మరీ తగ్గి పూర్తిగా కూర్చోకపోతే అంచు కాలిపోతుంది. మా నాలుగో సిలిండర్ వాల్వు అలాగే పోయింది, అంచు ఎలుక కొరికినట్టు ఉంది. అందుకే ముందు రాకర్ మూతులు నునుపు చేయించండి, బుష్షులు వదులైతే మార్పించండి, ఆ తర్వాతే టాపెట్ల సందు. రాకర్ షాఫ్ట్ ఎలాగూ విప్పుతారు కాబట్టి దాని ఆయిల్ రంధ్రాలు సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయండి. బుష్షులు ఎండి అరగడానికి కారణం చాలాసార్లు ఆ మడ్డే.

నిజంగా అప్‌గ్రేడ్ అనదగ్గది ఎగ్జాస్ట్ వాల్వే. తల ఒక లోహం, కాడ ఒక లోహం పెట్టి అతికినవి దొరుకుతాయి. షాపులోనే అయస్కాంతం పెట్టి చూడండి: కాడకి అంటుకుని తలకి అంటుకోకపోతే తల వేడికి తట్టుకునే స్టీలు. రెండిటికీ అంటుకుంటే దాన్ని ఎగ్జాస్ట్‌కి తీసుకోవద్దు. సీటు బాగా తినేసి ఉంటే మళ్లీ మళ్లీ కటింగ్ కొట్టించకుండా కొత్త ఇన్సర్ట్ (విడిగా దొరికే సీటు రింగు) దింపించండి. ప్రతి కటింగ్‌కీ వాల్వు హెడ్డులోకి దిగుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది, మీ పొద్దుటి మొరాయింపుకి అదీ ఒక కారణం కావచ్చు. పైగా కాడ పైకి లేచి స్ప్రింగు వదులవుతుంది. అప్పుడు మాత్రం సన్న వాషరు న్యాయమే, అది పోయిన టెన్షన్‌ని తిరిగి తేవడమే కదా.

గైడు అరిగి వాల్వు ఊగుతుంటే ఎంత రుబ్బినా సీటింగ్ నిలవదు. కాబట్టి గైడ్లు ముందు, సీట్లు తర్వాత. మేస్త్రీ తొందరలో ఈ వరస తిప్పేస్తే ఊరుకోకండి. సీటింగ్ అయ్యాక హెడ్డు తిరగేసి వాల్వు తలల మీది గుంటల్లో కిరోసిన్ పోయించి అరగంట ఆగండి. పోర్టులోకి (వాల్వు వెనకాల గాలి, పొగ పోయే దారి) చెమ్మ దిగితే మళ్లీ రుబ్బాల్సిందే.

టాపెట్ల సందు మేం చల్లటి ఇంజిన్ మీద ఇన్లెట్ 0.20, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు పెట్టేవాళ్లం. మీ మాన్యువల్‌లో వేరేగా ఉంటే దాన్నే పాటించండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-5-3-6-2-4 కాబట్టి ఆరో సిలిండర్ వాల్వులు రెండూ కలిసి ఊగుతున్నప్పుడు, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటున్నప్పుడు, ఒకటో సిలిండర్ సందులు పెట్టాలి. అక్కడి నుంచి ఇంజిన్ని మూడో వంతు చుట్టు తిప్పితే రెండోది ఊగుతుంది, ఐదోది పెట్టాలి. అలా వరసగా. హెడ్డు బోల్టులు రెండోసారి బిగించాక సందులు మారతాయి, మళ్లీ చూసుకోవాలి.

రాకర్లు విప్పాక మూతుల ఫొటో పెట్టండి, గుంట ఎంత లోతుందో చూస్తే నునుపు చేయిస్తే సరిపోతుందో, కొత్తవి కొనాలో చెప్పొచ్చు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగ ఏ రంగులో వస్తుందో కూడా రాయండి.