1.80 లక్షలు కట్టే ముందు ఆ గ్రాఫ్ చదవమనండి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం. నీట్ రెండుసార్లు రాసింది, రాలేదు. మూడేళ్ల కింద మా అమ్మ గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. కీమో ఇచ్చారు, కరెంటు పెట్టారు, ఆర్నెల్లకే తిరగబెట్టింది. అదే వార్డులో అదే స్టేజీలో ఉన్న ఇంకో ఆమె ఇప్పటికీ బాగానే ఉంది. అప్పట్నుంచి మా పాప, 'జీన్ మార్కర్లు చూసి ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్పొచ్చు, నేను ఆ పనే చేస్తా' అంటోంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల 'ఏఐ జీనోమిక్స్' కోర్సుకి 1.80 లక్షలు అడుగుతున్నారు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. అందులో చేర్చాలా, ఎంఎస్సీ చేయించాలా, ఎంబీఏ మేలా? ఆ మార్కర్ టెస్టు మా పాపకి ఇప్పుడే చేయిస్తే మంచిదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మూడు దారులు రాశారు గానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి వాక్యమే అనిపించింది. ముందు దాని సంగతి చూద్దాం.

మీ పాప చెబుతున్న మార్కర్లు కణితిలో చూసేవి. జబ్బు వచ్చిన మనిషి నుంచి తీసిన చిన్న ముక్కలో ఏ జీన్లు ఎక్కువ పనిచేస్తున్నాయి, ఏవి మూగబోయాయి అని చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల పిల్లకి ఆ టెస్టుకి అర్థమే లేదు. పైగా ఈ క్యాన్సర్‌కి ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఆ సంబంధాన్ని కనిపెట్టిన హెరాల్డ్ జుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్‌లో కొన్ని కుటుంబాల్లో బీఆర్‌సీఏ జీన్ దిగినట్టు ఇది నాయనమ్మ నుంచి మనవరాలికి దిగే జబ్బు కాదు. అమ్మాయికి చేయించాల్సింది హెచ్‌పీవీ టీకా. 26 ఏళ్ల దాకా వేస్తారు, ఈ వయసుకి మూడు డోసులు. మన దేశంలో తయారైన సర్వావ్యాక్ కూడా ఉంది. మిగతాది డాక్టర్‌ని అడగండి, నేను చదువుల మనిషిని.

ఇక కోర్సు. ఇలాంటి కోర్సు చేసిన ఒక అబ్బాయి పోయిన ఏడాది లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. సర్వైకల్ క్యాన్సర్‌లో (మీ అమ్మగారికి వచ్చిందే) 'ఐదు జీన్ల సిగ్నేచర్' కనిపెట్టానన్నాడు, అంటే ఎవరి జబ్బు ముదురుతుందో ముందే చెప్పే జీన్ల గుంపు. తెర మీద, పేషెంట్లలో ఎంతమంది ఎన్నాళ్లు బతికారో చూపే గ్రాఫ్. ఎరుపు గీత, నీలం గీత, రెండూ మెట్లు మెట్లుగా కిందికి దిగుతున్నాయి. ఎరుపుది త్వరగా దిగింది. 'ఇక్కడ ఈ మెట్టు ఏంటి నాన్నా?' అన్నాను. 'పీ-వాల్యూ చాలా తక్కువ వచ్చింది సార్' అన్నాడు. అసలు సంబంధమే లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె అది. నేను అడిగింది అది కాదు. ఆ మెట్టు దగ్గర ఒక మనిషి చనిపోయింది. గీత మీద చిన్న చిన్న అడ్డగీతలున్నాయే, అవి ఆ తర్వాత ఏమయ్యారో కబురు లేనివాళ్లు. ఆరు నెలల్లో ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. ఎక్కడ ఏ బటన్ నొక్కాలో మాత్రం బాగా నేర్పారు.

ఈ సిగ్నేచర్ల ఫ్యాషన్ మీద నాకు అనుమానం ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. అమెరికా వాళ్ల టీసీజీఏ అనే ప్రాజెక్టు సర్వైకల్ కణితుల జీన్ల వివరాలు సేకరించి అందరికీ ఉచితంగా పెట్టింది. 228 మంది కణితుల మీద పెద్ద పేపర్ 2017లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. గొప్ప పని, కాదనను. ఇప్పుడు ఆ ఫైల్లో సుమారు 300 మంది ఉన్నారు, అందులో చనిపోయినవాళ్లు వందలోపే. జీన్లేమో 20 వేలు. పీ-వాల్యూకి మామూలుగా పెట్టుకునే కొలతతో చూస్తే ఏ సంబంధమూ లేకపోయినా ఇరవైలో ఒకటి తగిలినట్టే కనిపిస్తుంది. అంటే ఉత్తి పుణ్యానికి వెయ్యి జీన్లు! వాటిలో ఐదు ఏరుకుంటే సిగ్నేచర్, ఇంకో ఐదు ఏరుకుంటే ఇంకో సిగ్నేచర్. ఇలాంటి పేపర్లు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. వేరే ఊరి పేషెంట్ల మీద పెడితే నిలబడేవి బహు తక్కువ.

ఇంకో చిక్కు ఉంది. ఆ కణితులు ఎక్కువగా ఆపరేషన్‌లో తీసినవి. మన దగ్గర చాలామంది ఆపరేషన్ దాటిపోయిన స్టేజీలో వస్తారు, మీ అమ్మగారిలాగే. వాళ్లకి సిస్‌ప్లాటిన్, కరెంటు ఇదే వైద్యం. అక్కడి గీత ఇక్కడి మనిషికి సరిపోతుందని ఎవరు హామీ ఇస్తారు?

రొమ్ము క్యాన్సర్‌లో 21 జీన్ల ఆంకోటైప్ డీఎక్స్ టెస్టు చూసి కొందరికి కీమో అక్కర్లేదని డాక్టర్లు ధైర్యంగా చెబుతున్నారు. ఆ ధైర్యం వెనక 10 వేల మందికి పైగా స్త్రీలతో నడిచిన ట్రయల్ ఉంది. ఫలితాలు 2018లో వచ్చాయి. సర్వైకల్‌లో అలాంటి జీన్ టెస్టు ఇంకా డాక్టర్ బల్ల మీదికి రాలేదు. ఎవరు ఎలా ఉంటారని అడిగితే ఇవాళ్టికీ చూసేది స్టేజీ, కణితి సైజు, లింఫ్ గ్రంథులకి పాకిందా లేదా అనే. నిజంగా వాడుకలో ఉన్న మార్కర్ అంటే పీడీ-ఎల్1 అనే ప్రోటీన్. అదీ జీన్ టెస్టు కాదు, ఆ ప్రోటీన్‌కి రంగు వేసి చూసేది, పెంబ్రోలిజుమాబ్ మందు కొందరికి పనికొస్తుందా అని తేల్చడానికి.

ఇదంతా చదివి 'అయితే ఈ రంగం వద్దన్నమాట' అనుకోకండి. ఒకే వార్డు, ఒకే స్టేజీ, ఒకామె ఉంది, ఒకామె లేదు, ఎందుకు? ఈ ప్రశ్నకి ఇంకా జవాబు లేదు కాబట్టే పని ఉంది. 2022లో మన దేశంలో కొత్త కేసులే 1.27 లక్షలని అంచనా. మీ పిల్ల వార్డులో కూర్చుని పట్టుకున్న ప్రశ్న అది. ఎంత మంది పిల్లలకి సొంత ప్రశ్న ఉంటుంది?

మీ మీద కొంచెం కోపం కూడా వచ్చింది. నీట్ రెండుసార్లు రాలేదని రాశారు. అమ్మాయికి డిగ్రీలో ఎన్ని మార్కులొచ్చాయో, ఏ సబ్జెక్టు ఇష్టమో, లెక్కలంటే భయమో కాదో ఒక్క ముక్క రాయలేదు. ఎంబీఏ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. పక్కింటి వాళ్లబ్బాయి చేశాడు. అంతేనా?

ఎంఎస్సీ చేయించండి. ఉస్మానియాలో జెనెటిక్స్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ, బెంగళూరులో ఐబీఏబీ అనే బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ, అన్నీ ఆలోచించదగ్గవే. ఎంట్రన్సుల సంగతి మీ అమ్మాయికి నాకన్నా బాగా తెలుసు, అది వదిలేస్తున్నా. ఎక్కడ చేరినా రెండు పట్టుకోమనండి. ఒకటి స్టాటిస్టిక్స్. బైపీసీ పిల్లలకి లెక్కలంటే జ్వరం, ఈ పనిలో సగం లెక్కలే. రెండోది, ప్రాజెక్టు ఏదో ఒక ఆస్పత్రి ల్యాబ్‌కి దగ్గరగా చేయాలి. కణితి ముక్కలు దాచిన మైనపు బ్లాకుల్లోంచి ఆర్‌ఎన్‌ఏ (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో చూపేది) తీస్తే చాలా శాంపిళ్లు పాడైపోయి ఉంటాయి. ఐదేళ్ల కిందటి పేషెంట్‌కి ఫోన్ చేస్తే నంబర్ మారిపోయి ఉంటుంది. మార్కర్ పనికొస్తుందో లేదో తేలేది అక్కడ. అన్నట్టు, ల్యాబ్‌లో చేతికొచ్చే హీలా కణాలు 1951లో ఇదే జబ్బుతో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికా ఆవిడవి. ఈ సంగతీ తెలుసుకోమనండి.

జీతాల టెన్షన్ అర్థమైంది. ఎంఎస్సీ తర్వాత నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. పరిశోధన వద్దనుకుంటే హైదరాబాద్, బెంగళూరుల్లో మాలిక్యులర్ డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లు, క్లినికల్ డేటా కంపెనీలు ఉన్నాయి. మొదటి రెండేళ్లు సాఫ్ట్‌వేర్ జీతం చూసి మాత్రం పోల్చకండి, గొడవలు అక్కడే మొదలవుతాయి. ఈ స్టాటిస్టిక్స్ వచ్చిన పిల్ల ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకుని కూర్చున్నవాళ్లని చూశాను.

కోర్సు ఫీజుకి 1.80 లక్షలు సిద్ధంగా ఉంచారు కదా. మీ ఇంట్లో ఆవిడకి ఎప్పుడైనా స్క్రీనింగ్ చేయించారా? 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ క్యాన్సర్ పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమమే ఉంది. ఉత్తరంలో ఆవిడ మాటే లేదు. ముందు ఆవిడని తీసుకెళ్లండి, ఈ వారమే.

అమ్మాయిని ఒక నెల ఇంట్లోనే కూర్చుని టీసీజీఏ సర్వైకల్ డేటా దింపుకోమనండి, పైసా ఖర్చు లేదు. లెక్కలు చేసి గ్రాఫులు గీసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని అందులోని మెట్ల గ్రాఫ్ తనే మళ్లీ గీయాలి. సరిపోలకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకాలి. నెల తర్వాత కూడా విసుగు రాకపోతే నాకు ఇంకో ఉత్తరం రాయండి. ఈసారి అమ్మాయినే రాయమనండి.