స్ట్రోలర్ సంగతి సరే, నీ సెలవు అయిపోయాక సంగతేంటి?

అమ్మలూ,

నువ్వూ అల్లుడూ కలిసి పంపిన ఎక్సెల్ షీట్ చూశాను. కష్టపడ్డారు పాపం, ప్రతి వస్తువుకీ రెండేసి బ్రాండ్లు, వాటి ధరలు, ఏ సేల్‌లో కొనాలో కూడా రాశారు. స్ట్రోలర్ ఉంది, స్టెరిలైజర్ ఉంది, సీసాలు వెచ్చబెట్టే మెషీన్ ఉంది. నువ్వు ఆఫీసుకి తిరిగి వెళ్ళాక బిడ్డని ఎవరు చూస్తారు అన్నదానికి మాత్రం ఒక్క వరస కూడా లేదు. బ్యాంకులో ఊళ్ళోవాళ్ళ లెక్కలు చూసి చూసి, ఇదే బెంగళూరులో ఇద్దరు పిల్లల్ని, ఇప్పుడు మనవల్ని కూడా పెంచుతున్న పెద్దమ్మగా చెప్తున్నాను, మొదటి మూడేళ్ళలో డబ్బంతా మనుషులకే పోతుంది. వస్తువులు ఏ మూలకీ రావు. అందుకే ముందు దాని గురించి రాస్తాను, మిగతావి తర్వాత.

సెలవు దగ్గర మొదలుపెట్టు. మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు, 2017లో 12 వారాల నుంచి పెంచారు. అందులో ప్రసవానికి ముందు ఎనిమిది వారాలకి మించి వాడుకోలేవు. ఇప్పుడు లెక్క చూడు. పురిటికి పుట్టింటికి అని ముందుగానే సెలవు పెట్టేసి ఆ ఎనిమిదీ వాడేశావనుకో, పుట్టాక నీకు మిగిలేది 18 వారాలు, అంటే బిడ్డకి నాలుగు నెలలు దాటగానే నువ్వు ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. రెండు వారాలే ముందు తీసుకుంటే 24 వారాలు, ఐదున్నర నెలలు దగ్గర ఉంటావు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టొద్దంటారు కదా డాక్టర్లు, ఆ నెలన్నర తేడా అక్కడ పనికొస్తుంది, పాల డబ్బాల ఖర్చూ, డేకేర్ ఫీజూ రెండూ వెనక్కి జరుగుతాయి. గుంటూరు వెళ్ళాలనే ఉంటే వెళ్ళు, నీ ఒంట్లో ఓపిక ఉండి డాక్టరు సరేనంటే అక్కణ్ణుంచే పని చేస్తానని మేనేజర్‌ని అడుగు. అడిగితే పోయేదేముంది?

ఇంకొకటి, యాభై మంది గానీ అంతకు మించి గానీ ఉన్న ఆఫీసుల్లో క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని, రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోనివ్వాలని కూడా అదే చట్టం చెప్తోంది. మీ ఆఫీసులో ఉందా, టై-అప్ ఉన్న డేకేర్ ఏదైనా ఉందా, ఫీజులో కంపెనీ ఎంత భరిస్తుంది, ఇవన్నీ హెచ్.ఆర్.కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకో. నోటిమాట వద్దు.

డేకేర్ ఫీజులు మా సర్జాపూర్ రోడ్డు వైపు రోజంతా ఉంచుకునేందుకు నెలకి పదిహేను వేల నుంచి పాతిక వేల దాకా చెప్తున్నారు, ఏడాది లోపు పిల్లల్ని కొందరు అసలు తీసుకోరు, తీసుకునేవాళ్ళు ఎక్కువ అడుగుతారు. ఇంట్లోనే ఉండే ఆయా అయితే అంతకు మించే అవుతుంది, పైగా ఆవిడ తిండి, పడుకునే చోటు, పండక్కి బట్టలు, ఊరెళ్ళినప్పుడు పది రోజుల ఇబ్బంది. డేకేర్ చూడ్డానికి వెళ్తే గోడల మీద బొమ్మలు చూడకు. ఒక్కో ఆయాకి ఎంతమంది పిల్లలు, పాత ఆయాలు ఎన్నాళ్ళుగా ఉన్నారు, పిల్లకి జ్వరమొస్తే ఏం చేస్తారు, సాయంత్రం ఆలస్యమైతే గంటకి ఎంత వేస్తారు, ఇవి అడుగు. ఈ ఊరి ట్రాఫిక్‌లో ఆ ఆఖరిది చిన్న ఖర్చు కాదమ్మా. బెళ్ళందూరు సిగ్నల్ దగ్గర నువ్వు ఇరుక్కుని ఉంటే అక్కడ మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే డేకేర్ ఆఫీసుకి దగ్గర కన్నా ఇంటికి దగ్గర ఉంటే మేలు, మీ ఇద్దరిలో ఎవరు ముందు ఇంటికి చేరితే వాళ్ళు తెచ్చుకుంటారు.

ఈ లెక్కలో ఆడపిల్లలంతా చేసే పని ఒకటుంది, చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు. డేకేర్ ఫీజుని తమ జీతంలోంచే తీసేసి, "మిగిలేది ఇంతేగా పెద్దమ్మా, మానేస్తే పోలా" అంటారు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఫీజు నీ ఒక్కదాని జీతంలోంచి ఎందుకు పోవాలి? ఇద్దరి జీతాలూ కలిపి అందులోంచి తియ్యి. పైగా మానేస్తే పోయేది ఈ నెల జీతమే కాదు, పీఎఫ్‌లో నెలనెలా పడేది ఆగిపోతుంది, ఐదేళ్ళు నిండకపోతే గ్రాట్యుటీ పోతుంది, మూడేళ్ళ తర్వాత మళ్ళీ చేరితే ఏ మెట్టు మీద నిలబెడతారో తెలీదు. ఇష్టంతో మానేస్తే ఒక్క మాట అనను. ఫీజు ఎక్కువైందని మాత్రం మానకు.

ఇక పురుడు. బెంగళూరా గుంటూరా అన్నది మీ అమ్మా అత్తగారూ తేల్చేలోపు నువ్వు ఇన్సూరెన్స్ కాగితం చదువు. సొంతంగా తీసుకునే పాలసీల్లో కాన్పు ఖర్చుకి సాధారణంగా ఏళ్ళ తరబడి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఇప్పుడు కడుపుతో ఉండి కొంటే ఈ కాన్పుకి పనికిరాదు. కంపెనీ గ్రూప్ పాలసీలో చాలాచోట్ల వెంటనే వర్తిస్తుంది గానీ దానికో పరిమితి ఉంటుంది, సిజేరియన్ అయితే ఆ పరిమితి దాటిపోవడం మామూలే. గది విషయంలో ఇంకా జాగ్రత్త. నీకు రోజుకి ఇంత అద్దె వరకే అని రాసి ఉంటే, నువ్వు సూట్ రూమ్ తీసుకున్నావనుకో, కోత ఒక్క గది అద్దెలోనే పడదు, చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ అన్నిట్లోనూ అదే నిష్పత్తిలో కోసేస్తారు. బిల్లు చేతికొచ్చాక ఇది తెలిసి లబోదిబోమన్నవాళ్ళని చూశాను. గుంటూరులో మీ అమ్మ చూసిపెట్టిన ఆసుపత్రి నీ పాలసీ క్యాష్‌లెస్ జాబితాలో ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకో. పుట్టగానే బిడ్డ పేరు పాలసీలో చేర్చడానికి గడువుంటుంది, ఆ పని అల్లుడిది. బర్త్ సర్టిఫికెట్‌కి 21 రోజుల్లో నమోదు అయిందో లేదో చూడ్డం కూడా అల్లుడిదే. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు చేస్తారు కాబట్టి గుంటూరైతే మళ్ళీ మళ్ళీ తిరక్కుండా వచ్చేముందే పని పూర్తి చేసుకోవాలి.

ఆసుపత్రికి చెకప్‌కి వెళ్ళినప్పుడు బొడ్డుతాడు రక్తం దాచిపెడతామని ఎవరో ఒకరు నీ పక్కన వచ్చి కూర్చుంటారు. యాభై వేలు, లక్ష అంటారు, ఈఎంఐ కూడా అంటారు, చివరికి "మీ బిడ్డ భవిష్యత్తు కన్నా ఎక్కువా మేడమ్" అంటారు. సొంత బిడ్డకి ఎప్పుడో పనికొస్తుందని అలా దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. నమస్కారం పెట్టి లేచి వచ్చెయ్.

టీకాల దగ్గర కూడా మీరిద్దరూ భయపడి ఎక్కువ రాశారు. పుట్టినప్పుడు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి, తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్, రోటా, వాటిలో ఆరు, పద్నాలుగు వారాలప్పుడు పోలియో ఇంజెక్షన్, న్యుమోకోకల్ కూడా, తొమ్మిది నెలలకి మీజిల్స్-రుబెల్లా, వీటన్నిటినీ ప్రభుత్వం ఉచితంగా వేస్తుంది. న్యుమోకోకల్ 2021 నుంచి దేశమంతా వేస్తున్నారు, ప్రైవేటులో బాగా ఖరీదైన వాటిలో అదొకటి. ఆ మూడు విజిట్లూ ప్రైవేటులో అయితే ఒక్కోదానికి ఐదు వేలకి తగ్గదు, కొన్నిచోట్ల దానికి రెట్టింపు. నొప్పి తెలియని సూది అని వాళ్ళు చెప్పేదానికి జ్వరం తక్కువగా వస్తుంది, నిజమే, కానీ ఆరోగ్య కేంద్రంలో వేసే సూది రక్షణలో దానికి తీసిపోదు, ఒకటి రెండు రోజులు పిల్ల చికాకు పడుతుంది అంతే. మా చిన్న మనవడికి ఇక్కడి పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వేయించాం, పొద్దున్నే వెళ్తే క్యూ కూడా ఉండదు. చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, ఫ్లూ ఉచిత జాబితాలో లేవు, ఆ డబ్బు వాటికి అట్టేపెట్టుకుని, ఏది ఎప్పుడు అన్నది పిల్లల డాక్టరుని అడిగి వేయించు.

వస్తువుల గురించి ఎక్కువ రాయను. మనవాళ్ళు పుట్టిన బిడ్డకి మొదట పాతబట్టే వేస్తారు, మెత్తగా ఉంటుందని. మా ఇంట్లో నూలు చీరలు బోలెడున్నాయి, పొత్తిగుడ్డలకి చింపి ఉతికి ఉంచుతాను. డైపర్లు రాత్రికీ బయటికెళ్ళినప్పటికీ చాలు, పగలు గుడ్డలే. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది గానీ, నెలలు నిండకముందే పది ప్యాకెట్లు కొని పెట్టకు, ఆ సైజు మూడు వారాల్లో పట్టకుండా పోతుంది. వాకర్ అస్సలు వద్దు, డబ్బు కోసం అనడంలేదు, పిల్లలు దొర్లి పడుతున్నారని కెనడాలో 2004లో అమ్మకమే ఆపేశారు. ఉయ్యాల మా అటక మీద ఉంది, అల్లుణ్ణి పంపితే దింపుకుంటాడు. బొమ్మలు కొనాలని సరదాగా ఉంటే చన్నపట్న లక్కబొమ్మలు కొను, మైసూరు రోడ్డులో గంటన్నర ప్రయాణం. మన ఏటికొప్పాక బొమ్మలదీ ఇదే అంకుడు కర్ర, ఆ లక్క పనే. కార్ సీట్ మాత్రం నీ లిస్టులో ఉంచు, దాంట్లో పొదుపు వద్దు.

తిండి ఇంకా తేలిక. ఆరో నెల నిండాక అన్నప్రాశన, తర్వాత రాగి జావ, ఉగ్గు, మెత్తగా ఉడికించిన పెసరపప్పు అన్నం, నెయ్యి. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, ఎవరు చెప్పినా సరే. విరేచనాలైతే మందుల షాపులో డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న ఓఆర్ఎస్ ప్యాకెట్టే అడుగు. ఆ పేరు పెట్టుకుని తియ్యటి డ్రింకులు అమ్మినందుకే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లేబుళ్ళ మీద ఆ మాట వాడొద్దంది.

స్కూలు అప్పుడే ఎందుకంటావేమో, నీ షీట్‌లోనే రెండో ఏడు నుంచి ప్లేస్కూల్ ఫీజు ఉంది. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండాలి. వెనక్కి లెక్కపెడితే యూకేజీకి ఐదు, ఎల్‌కేజీకి నాలుగు, నర్సరీకి మూడు. రెండేళ్ళకే యూనిఫాం వేసి పంపితే పిల్ల ముందుకేమీ వెళ్ళిపోదు, ఒక ఏడాది ఫీజూ అడ్మిషన్ డబ్బులూ అదనంగా కడతారు, అంతే. ఎలాగూ డేకేర్ ఉంటుంది కదా, ఆ వయసుకి అది చాలు. ఆదివారం కబ్బన్ పార్కులో వదిలిపెట్టు, ఆకులు ఏరుకుంటుంది.

ఫంక్షన్ల దగ్గర అందరూ నా మాట వినరు, నువ్వూ వినవు. కడుపుతో ఉన్నప్పుడు ఫొటోషూట్, పుట్టాక ఫొటోషూట్, బారసాలకి డెకరేషన్, మొదటి పుట్టినరోజుకి హాలు, రిటర్న్ గిఫ్టులు. ఆఖరిదానికి పెట్టే డబ్బుతో నాలుగైదు నెలల డేకేర్ గడుస్తుంది. పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించడానికి కళ్యాణకట్టలో రూపాయి అక్కర్లేదు, అది చాలు అంటాను. ఆపైన మీ ఇష్టం.

దాచే సంగతికొస్తే, బిడ్డ పేరున ఇన్సూరెన్స్ ప్లాన్ కొనమని మా బ్యాంకువాళ్ళే నీకు ఫోన్ చేస్తారు. ముందు మీ ఇద్దరి పేరునా టర్మ్ ఇన్సూరెన్స్ ఉండాలి, సంపాదించేది మీరు. సొంతంగా తీసుకునే పాలసీలకి ఇప్పుడు జీఎస్‌టీ కూడా లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఎఫ్.డి.లో పడెయ్యి. ఆ తర్వాత ఆడపిల్లయితే సుకన్య సమృద్ధి, ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది, గరిష్ఠం లక్షన్నర. మగపిల్లాడైతే పీపీఎఫ్ చాలు.

చివరికి మీ అమ్మ గురించి. "అమ్మ వచ్చి చూసుకుంటుందిలే" అని ఇద్దరూ మనసులో అనుకుని షీట్‌లో సున్నా వేశారు కదూ? అది సున్నా కాదు. తను వస్తే అక్కడ మీ నాన్నకి వంటమనిషిని పెట్టాలి, తన బీపీ మందులు, మోకాళ్ళకి ఇక్కడ ఇంకో డాక్టరు, నెలకోసారి గుంటూరు రానూపోనూ టికెట్లు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఏసీ టికెట్టే వెయ్యండి, 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్తు కోటా ఉంది, బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. పగలంతా పిల్లని ఎత్తుకునే వయసు కాదు తనది, సగం రోజుకైనా ఒక మనిషిని పెట్టండి. ఇక్కడ తనకి పలకరించే దిక్కుండదు కాబట్టి మీ అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళెవరున్నారో ముందే కనుక్కో. అన్నిటికన్నా ముందు, ప్రతి నెలా ఒకటో తారీఖున తన అకౌంట్‌లో కొంత డబ్బు వెయ్యండి. కూతురి దగ్గర తీసుకోనంటుంది, అలుగుతుంది కూడా. నెలనెలా దానంతటదే వెళ్ళేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేస్తే ఆ గొడవ మొదటి నెలతోనే అయిపోతుంది.

మీ పెద్దమ్మ