పెద్ద వీడియో ఒక్కటే కాపీ కావడం లేదా?

అన్నా, ఫోన్‌కి ఓటీజీతో (ఫోన్‌కి డిస్క్ తగిలించే చిన్న కేబుల్) హార్డ్ డిస్క్ పెడితే ఫోటోలు అందులోకి కాపీ అవుతున్నాయి, గండికోటలో తీసిన 7 జీబీ వీడియో మాత్రం కావడం లేదన్నారు కదా. టెన్షన్ వద్దు, ఫోన్‌లో తప్పేం లేదు. డిస్క్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో (డిస్క్‌లో ఫైళ్లను సర్దిపెట్టే ఒక పద్ధతి) ఉండి ఉంటుంది. డిస్క్ ఎంత ఖాళీగా ఉన్నా సరే, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

డిస్క్‌లో ఉన్నవన్నీ ముందు కంప్యూటర్‌లోకి తీసిపెట్టుకొని, పెద్ద ఫైళ్లు కూడా పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ కొడితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది, తర్వాత నన్ను తిట్టుకోవద్దు! ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఇంకో పద్ధతి కనిపిస్తుంది, దాని జోలికి పోకండి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని చదవవు.

ఇంకో మాట. 'మూవ్' కొట్టకండి, 'కాపీ' కొట్టండి. నేను ఒకసారి మూవ్ కొట్టాను, మధ్యలో కేబుల్ కదిలింది. ప్రొద్దుటూరులో మా చెల్లెలి పెళ్లి ఫోటోలు కొన్ని అక్కడా లేవు, ఇక్కడా లేవు. ఆ మాట ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. కాపీ అయ్యాక డిస్క్‌లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసి, అప్పుడు ఫోన్‌లోవి తీసేయండి.

డిస్క్ కరెంటు కూడా ఫోన్ నుంచే లాగుతుంది. ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. వాట్సాప్ ఫోటోలు కావాలంటే 'ఆండ్రాయిడ్' ఫోల్డర్‌లోని 'మీడియా'లో చూడండి.