షిటాకే పుట్టగొడుగుల బెడ్లు మూడోవంతు పులిసిపోతుంటే ముందు చూడాల్సింది నీళ్లు, ఆవిరి

మీరు అడిగింది ఇదీ: ఎండు రంపపు పొట్టు 75 పాళ్లు, తవుడు 25 పాళ్లు కలిపి, 2.5 కిలోల సంచుల్లో నింపి, మామూలు ఆవిరి డ్రమ్ములో 4 గంటలు ఉడికిస్తున్నారు. మూడోవంతు సంచులు పులుపు వాసనతో పోతున్నాయి, ఫార్ములా మార్చాలా అని. తవుడు కాస్త ఎక్కువే, నిజమే. కానీ అసలు దెబ్బ అక్కడ కాదు. ఆ సైజు సంచికి ఒత్తిడి లేని ఆవిరిలో 4 గంటలు ఏ మూలకూ చాలవు.

ముందు పొట్టు సంగతి. ఓక్, బీచ్ లాంటి వెడల్పాకు చెట్ల కలపదే కావాలి. పైన్ జాతి కలపలో ఉండే జిగురు షిటాకే బూజును (పుట్టగొడుగు పుట్టే తెల్లటి పోగులను) అణచేస్తుంది. ప్లైవుడ్ కోసిన చోట దొరికేది వద్దే వద్దు, అందులో రసాయన బంక ఉంటుంది. పొట్టు పిండిలా మెత్తగా ఉంటే సంచిలో గట్టిపడి లోపలికి గాలి ఆడదు. 2 నుంచి 4 మిల్లీమీటర్ల బరక కలిపితే బూజు వేగంగా పాకుతుంది.

పొడి బరువు మీద పొట్టు 79, తవుడు 20, జిప్సం 1 చాలు. ఉడికించే పద్ధతి మీద నమ్మకం కుదిరేదాకా తవుడు 10కి తగ్గించండి, దిగుబడి తగ్గినా సంచులు నిలుస్తాయి. ముక్కిన వాసన వచ్చే తవుడు వాడొద్దు.

నీళ్లు కంటి అంచనాతో పోయడమే చాలామంది చేసే తప్పు. తేమ 60 శాతం కావాలంటే 100 కిలోల పొడి సరుకు 250 కిలోల తడి మిశ్రమం అవ్వాలి, అంటే మొత్తం నీరు 150 కిలోలు. మీ పొట్టులోనూ తవుడులోనూ ఇప్పటికే 12 శాతం తేమ ఉందనుకుందాం. అప్పుడు పొట్టు 89.8 కిలోలు, తవుడు 22.7 కిలోలు తూచాలి. వాటిలోనే 13.5 కిలోల నీరు ఉంది కాబట్టి మీరు పోయాల్సింది 136.5 లీటర్లు. పొట్టులో తేమ తెలియాలంటే 100 గ్రాములు 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టి తూచండి. ఎన్ని గ్రాములు తగ్గితే అంత శాతం. గుప్పిట్లో గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కట్టిందంటే ఎక్కువైనట్టే. ఆ నీరు సంచి అడుక్కి దిగుతుంది, అక్కడే బ్యాక్టీరియా పుట్టి పులుస్తుంది.

పొట్టును ముందు రోజే తడిపి ఉంచండి. పైకి తడిగా కనిపించి లోపల పొడిగా ఉన్న ముక్కల్లో బ్యాక్టీరియా బీజాలు వేడికి చావవు. తవుడు మాత్రం ఉడికించే రోజే కలపాలి. కలిపాక 3-4 గంటల్లో సంచులు ఆవిరిలోకి వెళ్లాలి, రాత్రంతా ఉంచితే ఉడికించకముందే పులుస్తుంది.

సంచులు పాలీప్రొపిలీన్‌వే అయ్యుండాలి, పలచటి పాలిథిన్ ఆ వేడికి కరుగుతుంది. ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద ఆవిరి పాత్ర) 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడిలో రెండు నుంచి రెండున్నర గంటలు. లోపలి గాలిని మొదట పూర్తిగా బయటికి వదలకపోతే గేజీ 15 చూపించినా వేడి 121కి చేరదు. దించేటప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా వదిలారా, సంచులు చిరుగుతాయి. డ్రమ్ము ఆవిరిలో అయితే సంచి నడిబొడ్డు 95 డిగ్రీలు దాటాకే గడియారం చూడటం మొదలుపెట్టి, అక్కడి నుంచి కనీసం 10-12 గంటలు. మధ్యలో డ్రమ్ములో నీళ్లు ఇంకిపోకుండా చూసుకోండి. సంచుల మధ్య ఆవిరి తిరిగేంత సందు ఉండాలి, కుక్కి పేర్చకండి.

చల్లారేటప్పుడు సంచి బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే శుభ్రమైన గదిలోనే చల్లార్చాలి, సంచికి గాలి ఆడే ఫిల్టర్ తడవకూడదు. 25 డిగ్రీలకు దిగాక సంచికి 75 నుంచి 125 గ్రాముల స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) వేయండి.

తప్పు ఎక్కడుందో పాడైన సంచే చెబుతుంది. పులుపు వాసన, సంచి మధ్యలో మచ్చలు ఉంటే ఉడకలేదు. పచ్చ బూజు పైభాగంలో స్పాన్ వేసిన చోటే మొదలైతే, తప్పు స్పాన్ వేసేటప్పుడు జరిగింది. ఒకే స్పాన్ ప్యాకెట్ నుంచి వేసినవన్నీ పోతే ఆ ప్యాకెట్‌దే దోషం. పక్కన ఒకే చుక్క నుంచి వ్యాపిస్తే సంచికి సూదిబెజ్జం ఉన్నట్టు.

తేల్చుకోవడానికి ఈసారి ప్రతి విడతలో 4 సంచులు స్పాన్ వేయకుండా మూసి, 25-30 డిగ్రీల్లో వారం పది రోజులు ఉంచండి. అవీ పులిస్తే స్పాన్ గది జోలికి వెళ్లకుండా ఆవిరి గంటలు పెంచండి.