రోజూ నడిపే ట్రక్కుకు మైల్డ్ కామ్ వేయిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో ఉంటున్నాను. నా 2021 మోడల్ వీ8 పికప్ ట్రక్కును రోజూ ఉద్యోగానికి, అప్పుడప్పుడు ట్రెయిలర్ లాగడానికి వాడుతున్నాను. కంపెనీ వారంటీ ఇంకా ఉంది. లాగుడు కొంత పెరుగుతుందని మైల్డ్ కామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచి మూసే కడ్డీ, అసలుదానికి కాస్త మాత్రమే భిన్నమైన రకం) వేయిద్దామనుకుంటున్నాను. దాని పెట్టె మీద ‘ఆఫ్-రోడ్ వాడకానికి మాత్రమే’ అని ఉంది. మైల్డ్ కామే కనుక ఇబ్బంది ఉండదని వర్క్‌షాప్ వారు చెబుతున్నారు. చట్టపరమైన చిక్కులు ఏమైనా ఉన్నాయా? వారంటీ పోతుందా?

జవాబు: ‘మైల్డ్’ అన్నది మెకానిక్కుల మాట. చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు. మీరు వేయించే భాగం వల్ల ఇంజిన్ ఉద్గారాల నియంత్రణ దెబ్బతింటుందా లేదా అన్నదే చట్టం చూస్తుంది. అందువల్ల కామ్ లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) ఎంత, డ్యూరేషన్ (అది తెరిచి ఉండే వ్యవధి) ఎంత అన్న ప్రశ్నల కంటే ముందు, ఆ భాగానికి మీ ట్రక్కు విషయంలో అనుమతి పత్రం ఉందా అన్న ప్రశ్నకు సమాధానం తెలుసుకోవాలని కోరుతున్నాను.

ఫెడరల్ చట్టమైన క్లీన్ ఎయిర్ యాక్ట్‌లోని 203వ సెక్షన్, ఉద్గారాల ప్రమాణాలకు లోబడి తయారీదారు అమర్చిన ఏ పరికరాన్నైనా, డిజైన్‌లోని ఏ అంశాన్నైనా తొలగించడాన్ని లేదా పనిచేయకుండా చేయడాన్ని నిషేధిస్తుంది. మొదట్లో ఈ నిషేధం తయారీదారులకు, డీలర్లకు, మరమ్మతు చేసేవారికి పరిమితమై ఉండేది. 1990 సవరణలతో అది వాహన యజమానితో సహా ప్రతి వ్యక్తికీ వర్తించింది. కనుక కామ్‌ను మీ ఇంటి గ్యారేజీలో మీరే బిగించుకున్నా బాధ్యత తప్పదు. సామాన్య వ్యక్తికి ఒక్కో ఉల్లంఘనకు 2,500 డాలర్ల వరకు సివిల్ జరిమానా అని చట్ట పాఠంలో ఉంది. ద్రవ్యోల్బణం మేరకు చేసే సర్దుబాట్ల వల్ల ఇప్పుడు ఆ పరిమితి అంతకంటే ఎక్కువగా ఉంది.

కాలిఫోర్నియాలో నిబంధనలు మరింత కచ్చితంగా ఉంటాయి. వెహికల్ కోడ్ 27156వ సెక్షన్ ప్రకారం, ఉద్గారాల వ్యవస్థ పనితీరును మార్చే విడిభాగానికి రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ అయిన ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అనే అనుమతి పత్రం ఉండాలి. ఆ ఆర్డర్‌కు ‘డీ’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది, అది ఏ మోడల్ సంవత్సరాలకు, ఏ ఇంజిన్లకు వర్తిస్తుందో కూడా అందులోనే రాసి ఉంటుంది. ఆ జాబితాలో మీ 2021 మోడల్, మీ ఇంజిన్ పేరు లేకపోతే, మరో ఏడాది మోడల్‌కు అనుమతి ఉందన్న మాట మిమ్మల్ని కాపాడదు. ఆర్డర్ సంఖ్య గల స్టిక్కర్‌ను ఇంజిన్ గదిలో కనిపించేలా అతికించుకోవాలి, ఎందుకంటే స్మాగ్ తనిఖీలో (రాష్ట్రం జరిపించే వాహన ఉద్గారాల పరీక్షలో) కంటితో చూసి నిర్ధారించే భాగం కూడా ఉంది.

ఇక పెట్టె మీది ‘ఆఫ్-రోడ్’ మాట సంగతి. అది తయారీదారు తన జాగ్రత్త కోసం రాసుకున్న మాట. రోజూ ఉద్యోగానికి వెళ్లే ట్రక్కుకు దాన్ని బిగించిన మరుక్షణం ఆ మాటకు విలువ పోతుంది. పైగా అది రోడ్డు వాహనాలకు ఉద్దేశించినది కాదని మీకు ముందే తెలుసు అనడానికి అదే సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ కామ్‌ను కొనవద్దని నా స్పష్టమైన సలహా.

సాంకేతికంగా కామ్ ఎంపిక నా వృత్తి కాకపోయినా, చట్టానికి దానితో ఉన్న సంబంధాన్ని చెప్పక తప్పదు. డ్యూరేషన్ పెరిగి, లోబ్ సెపరేషన్ (కామ్ మీద ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులను తెరిచే ఉబ్బుల మధ్య కోణం) తగ్గిన కొద్దీ ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది, ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) కాలని ఇంధనం కొంత నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. హైడ్రోకార్బన్లు పెరగడానికి, మానిఫోల్డ్ వాక్యూమ్ (ఇంజిన్ గాలిని పీల్చుకునే శక్తి) పడిపోవడానికి, మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) కోడ్‌తో చెక్ ఇంజిన్ దీపం వెలగడానికి ఇదే మూలం. ట్రెయిలర్ లాగే ట్రక్కుకు తక్కువ డ్యూరేషన్, వెడల్పైన లోబ్ సెపరేషన్ గల కామ్ నయమని అనుభవజ్ఞులు చెప్పేది కూడా ఇందుకే. ఐడిల్‌లో గుడగుడలాడే శబ్దం కోసం కామ్ ఎంచుకున్నవారికే తనిఖీలో కష్టాలు ఎక్కువ.

చాలామంది మరచిపోయే విషయం ట్యూనింగ్. కామ్ మారిస్తే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను కూడా మార్చవలసి వస్తుంది, ఆ ప్రోగ్రామ్‌కూ అనుమతి ఉండాలి. 2021 జూలై నుండి కాలిఫోర్నియా స్మాగ్ తనిఖీలో ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా పరిశీలిస్తున్నారు. తయారీదారుదీ, ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ గలదీ కాని ప్రోగ్రామ్ కనిపిస్తే, పైపు నుండి వచ్చే పొగ ఎంత శుభ్రంగా ఉన్నా తనిఖీలో విఫలమే. తనిఖీకి ముందురోజు పాత ప్రోగ్రామ్ ఎక్కించుకుంటే చాలునన్న సలహాను దయచేసి వినకండి. కామ్ కొత్తది, ప్రోగ్రామ్ పాతది అయితే ఇంజిన్ సరిగా నడవదు, చేసిన ఉల్లంఘన కూడా తొలగిపోదు.

వారంటీ విషయానికి వస్తే, 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం మీకు కొంత రక్షణ ఇస్తుంది. బయటి భాగం వాడినంత మాత్రాన మొత్తం వారంటీని రద్దు చేయడం కుదరదు. ఆ భాగమే చెడుపునకు కారణమని కంపెనీ చూపాలి. మీ పవర్ విండో పాడైతే కామ్‌ను సాకుగా చూపలేరు. అయితే లిఫ్టర్, వాల్వ్ స్ప్రింగ్, పిస్టన్ వంటివి పాడైనప్పుడు కామ్‌తో ముడిపెట్టడం కంపెనీకి కష్టం కాదు, కంప్యూటర్‌ను మళ్లీ ప్రోగ్రామ్ చేసిన జాడ వారికి కనిపిస్తుంది. కేటలిటిక్ కన్వర్టర్‌కు (పొగను శుద్ధి చేసే పరికరానికి), ఇంజిన్ కంప్యూటర్‌కు తేలికపాటి ట్రక్కుల విషయంలో ఫెడరల్ నిబంధనలు ఇచ్చే 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల ఉద్గారాల వారంటీ మీకు ఇంకా మిగిలి ఉండే అవకాశం ఉంది. అంత విలువైన హక్కును ఒక కామ్ కోసం వివాదంలో పడేయడం నాకు సమంజసంగా తోచడం లేదు.

బీమా కంపెనీకి మార్పును రాతపూర్వకంగా తెలియజేయండి. అడిగిన సమాచారాన్ని దాచినట్లు తేలితే క్లెయిమ్ సమయంలో అది మీకు వ్యతిరేకంగా మారవచ్చు.

మీ మోడల్‌కు, ఇంజిన్‌కు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఉన్న కామ్, దానికి సరిపడే అనుమతి గల ట్యూన్ (కంప్యూటర్ ప్రోగ్రామ్) రెండూ దొరికితేనే ముందుకు వెళ్లండి. పని అప్పగించేటప్పుడు వర్క్‌షాప్ ఇచ్చే అంచనా పత్రం మీద ఆ రెండు ఆర్డర్ల సంఖ్యలు, భాగాల సంఖ్యలు రాయించుకోండి, రసీదుతో పాటు ట్రక్కులో భద్రపరచుకోండి. ఆ సంఖ్యలు రాయడానికి వర్క్‌షాప్ వెనుకాడితే, అక్కడ పని చేయించవద్దు.