షోర్వలో కుడుములు: ఒకసారి గట్టిపడ్డాయి, ఒకసారి కరిగిపోయాయి

ప్రశ్న: వాన పడిన సాయంత్రాల్లో కోడి షోర్వలో చిన్న చిన్న పిండి కుడుములు వేసి పిల్లలకు పెట్టాలని రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి మైదాను చపాతీపిండిలా బాగా పిసికి ఉండలు చేస్తే, అవి రబ్బరులా సాగి, నడుమ పచ్చిగానే మిగిలాయి. రెండోసారి జొన్నపిండిని చన్నీళ్ళతో కలిపి వేస్తే ఒక్క ఉండా మిగలలేదు. షోర్వ అంతా అంబలి అయింది. నేను చేసిన తప్పేమిటి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ రెండు ప్రయత్నాలూ చెడింది ఒకే కారణం వల్ల కాదు. మైదాలో తడి తగిలితే జిగురుగా సాగే గ్లూటెన్ ఉంటుంది. పిసికేకొద్దీ అది బిగుసుకుంటుంది. చపాతీకి ఆ బిగువు కావాలి గానీ కుడుముకు అదే చేటు. జొన్నలో గ్లూటెన్ లేనే లేదు కాబట్టి చన్నీళ్ళతో కలిపిన పిండిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, మరుగులో పడగానే విడిపోతుంది.

జొన్నపిండికి ఉపాయం మీ ఇంట్లోనే ఉంది. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో జొన్నరొట్టెకు ఎసరు కాచి పిండిలో పోస్తారు కదా, ఆ మరిగే నీటి వేడికి పిండిలోని గంజి ఉబ్బి జిగురుగా మారడం వల్లనే రొట్టె విరగకుండా వస్తుంది. కుడుములకూ అంతే. కప్పు పిండికి ముప్పావు కప్పు నుంచి ఒక కప్పు వరకు నీళ్ళు, కొద్దిగా ఉప్పు వేసి తెర్లనిచ్చి, పిండిలో పోసి గరిటెతో కలిపి, పది నిమిషాలు మూతపెట్టండి. చేయి పట్టేంత వేడి ఉండగానే మెత్తగా మర్దించి, గోలీకాయంత ఉండలు చేసి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నడుమ నొక్కండి. ఆ గుంట వల్ల లోపలి పిండి త్వరగా ఉడుకుతుంది. పిండి గిర్నీలో కొత్తగా పట్టించినదైతే మేలు, నిలవైనదానికి పగుళ్ళు వస్తాయి, ఒక్కోసారి చేదూ ఎక్కుతుంది. నన్నడిగితే మన కారపు షోర్వకు మైదా కంటే ఈ జొన్న కుడుమే బాగా అమరుతుంది.

పిల్లలు మెత్తగా, పొంగినట్టుండే కుడుములే అడిగితే మైదాతోనే చేయండి. కప్పు మైదాలో ఒకటిన్నర చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు కలిపి, రెండు పెద్ద చెంచాల చల్లని వెన్నను వేళ్ళతో రవ్వలా నలిపి, అర కప్పు పాలు పోసి, పొడిపిండి కనబడకపోతే చాలని అక్కడే ఆపేయండి. ముద్ద గరుకుగా ఉంటే భయపడకండి, అలాగే ఉండాలి. చెంచాతో షోర్వ మీద జారవిడిచి, సన్నసెగ మీద మూతపెట్టి పదిహేను నిమిషాలు తీయకుండా ఉంచండి. పైభాగం ఉడికేది ఆవిరితోనే కనుక మధ్యలో మూత తీస్తే ఆవిరి పోయి కుడుము కుంగుతుంది.

ఐరోపాలోని ఆస్ట్రియాలో, జర్మనీలోని బవేరియాలో ఇలాంటి కుడుములను బొంబాయి రవ్వ వంటి గోధుమరవ్వతో చేస్తారు. అక్కడి లెక్క గుడ్డు తూకమంత వెన్న, దానికి రెండింతలు రవ్వ. అంటే ఒక గుడ్డుకు సుమారు 50 గ్రాముల వెన్న, 100 గ్రాముల రవ్వ. కలిపాక పదిహేను నిమిషాలు నాననివ్వాలి.

ఏ పిండితో చేసినా షోర్వ తెర్లుతుండగా కుడుములు వేయగానే సెగ తగ్గించాలి, ఎందుకంటే పెద్ద మరుగు తాకిడికి గట్టి ఉండ కూడా చిట్లుతుంది. మొదట ఒక్కటే వేసి చూడండి. అది విడిపోతే, జొన్న ముద్దకు ఇంకొంచెం వేడినీళ్ళు పోసి మళ్ళీ మర్దించవచ్చు, రవ్వ ముద్దకు చెంచాడు రవ్వ చేర్చవచ్చు. పైకి తేలడమే ఉడికిన గుర్తని చాలామంది అనుకుంటారు గానీ, దాన్ని నమ్మకుండా ఒకదాన్ని విరిచి నడుమ చూడటమే సరైనది.

మిగిలిన కుడుములను షోర్వలోనే వదిలేస్తే తెల్లవారేసరికి అవే దాన్ని పీల్చేసుకుంటాయి, కాబట్టి వేరే గిన్నెలోకి తీసిపెట్టి, తినేముందు వేడి షోర్వలో వేసుకోండి.