నాన్న జీపు ఇంజిన్ కోసం చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మదనపల్లె. బెంగళూరు కేఆర్ పురంలో అద్దెకుంటున్నాం. నాన్న పోయి రెండేళ్లయింది. ఆయన 1994 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపుని మూడు నెలల కిందట లారీ మీద వేయించి ఇక్కడికి తెచ్చుకున్నాను. పొద్దునపూట స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. నీలం పొగ వస్తుంది, ఆయిల్ తాగేస్తోంది. షెడ్డులో చూపిస్తే ఇంజిన్ బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగిపోయాయి), మొత్తం దించాలన్నారు. 1,60,000 ఎస్టిమేట్ ఇచ్చారు. అందులో సామాను 82,000, లేత్ పని 28,000, డీజిల్ పంపు, నాజిళ్లు 18,000, కూలి 32,000. నేను మెకానికల్ డిప్లొమా చదివాను. ఇంటి దగ్గరే విప్పి చేసుకుంటే బాగా మిగులుతుందని నా ఆలోచన. పనిముట్లకి 27,000 అవుతుంది. డబ్బుకి 2 లక్షల చీటీ పాడుకోవాలా, కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవాలా? చీటీ 20 నెలలు, ఇది ఆరో నెల, కమీషన్ 5 శాతం. ఇప్పటిదాకా 41,500 కట్టాను. జీతం చేతికి 84,000 వస్తుంది. అద్దె 19,000, ఇంటి ఖర్చు 24,000, బాబు స్కూలు 6,500, అమ్మకి 7,000, చీటీ 10,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 8,000. ఎఫ్‌డీలో 1,80,000 ఉంది. జీపు నాన్న పేరు మీదే ఉంది, రెన్యువల్ గడువు 2024లో అయిపోయింది. అమ్మేయమని బావ అంటున్నారు. నాకు మనసు రావడం లేదు.

జవాబు: మీ బావగారు అన్నది తప్పేమీ కాదు, కానీ అమ్మమని నేను చెప్పను. నాన్న చేతిలో తిరిగిన స్టీరింగ్‌కి ధర కట్టడం నా పని కాదు. అయితే ఒక్క మాట ముందే ఒప్పుకుందాం. ఇది పెట్టుబడి కాదు, ఖర్చు. పెళ్లి ఖర్చులాగా, ఇంటికి రంగులు వేయించుకున్నట్టుగా ఇష్టపడి పెట్టే ఖర్చు. 'బాగుచేస్తే రేటు పెరుగుతుంది కదా' అని సర్దిచెప్పుకోవడం మొదలైతే చేయి ఎక్కడా ఆగదు. ఇష్టంతో పెట్టే ఖర్చే అనుకుంటే, ఎంతవరకు అన్న హద్దు మనమే గీసుకోగలం.

ఇప్పుడు మీ ఎస్టిమేట్ చూద్దాం. ఇంటి దగ్గర చేసుకుంటే ఇందులో తగ్గేది కూలి ఒక్కటే, 32,000. సామాను ఎవరు బిగించినా అదే ధర. బోర్ చేయడం (సిలిండర్లు తొలిచి నున్న చేయడం), క్రాంక్ గ్రైండింగ్ (ఇంజిన్ ఇరుసుని సానబట్టడం), హెడ్ ఫేసింగ్ (ఇంజిన్ పైభాగం అడుగుని చదును చేయడం) ఇంటి వాకిట్లో అయ్యేవి కావు, ఎలాగూ లేత్ షాపుకి పోవాల్సిందే. పంపు, నాజిళ్లు టెస్ట్ బెంచ్ మీద పెట్టి సరిచేయాలి, అదీ బయటి పనే. తగ్గే 32,000లోంచి పనిముట్ల 27,000 తీసేస్తే మీకు మిగిలేది 5,000. దానికోసం ఎన్ని ఆదివారాలు పోతాయో లెక్కవేసుకోండి.

మరి ఇంట్లో చేయొద్దనా? చేయమనే అంటున్నాను, కానీ వేరే కారణానికి. షెడ్డులో బండి పెడితే వాళ్లకి మొత్తం డబ్బు నెలా రెండు నెలల్లో కావాలి. ఇంటి దగ్గరైతే ఇంజిన్ మీ జీతం కోసం ఆగుతుంది. మీరు అప్పు చేయాల్సిన అవసరం అక్కడే తప్పుతుంది.

చీటీ సంగతికొద్దాం. 2 లక్షల చీటీని ఇప్పుడు 40,000 తగ్గించి పాడితే చేతికి 1,60,000 వస్తుంది. సరిగ్గా ఎస్టిమేట్ అంతే వస్తుంది గనక ఆశ పుట్టడం సహజం. కానీ ఆ 1,60,000లో మీరు కట్టిన 41,500, ఈ నెల కట్టే 8,500 మీ సొంత డబ్బే. నిజంగా మీకు అప్పుగా దొరికేది 1,10,000. దానికి మిగిలిన 14 నెలలు, డివిడెండ్ (పాటలో తగ్గించినదాంట్లోంచి అందరికీ పంచే వాటా) పోను నెలకి సగటున 9,000 కడతారనుకుంటే 1,26,000 అవుతుంది. వడ్డీ లెక్కలో చూస్తే అది ఏడాదికి 22, 23 శాతం. అదే పాడకుండా చివరిదాకా ఉంటే కమీషన్ 10,000 పోను 1,90,000 వస్తుంది. అంటే తొందరపడి పాడినందుకు 30,000 పోతుంది. ఇంజిన్ కింద పడుకుని, ఒళ్లంతా ఆయిల్ చేసుకుని మిగిల్చే కూలి 32,000 కదా, అదంతా చీటీ పాటలోనే పోయినట్టు. పాడొద్దు. కార్డు ఈఎంఐ గురించి ఎక్కువ చెప్పను. ఒక్క నెల తప్పినా బాకీ మీద నెలకి 3 శాతానికి పైగా పడే చోట పాత ఇంజిన్ ఖర్చు పెట్టకూడదు.

ఎఫ్‌డీ కూడా ముట్టుకోవద్దు. మీ ఇంటికి తప్పనిసరిగా కావాల్సింది చీటీతో కలిపి నెలకి 66,500. 1,80,000 అంటే మూడు నెలలకి కూడా చాలదు. ఆరు నెలలకి సరిపడా ఉండాలని నేను ఎవరికైనా చెబుతాను, చిన్న బాబు ఉన్న ఇంటికి మరీ గట్టిగా చెబుతాను. సిప్ కూడా ఆపొద్దు.

అన్నీ పోను మీకు నెలకి 9,500 మిగులుతోంది. అందులో 8,000 జీపు పేరుతో వేరే ఖాతాలో వేయండి. 14 నెలలకి 1,12,000. అప్పటికి చీటీ చేతికొస్తుంది. అందులోంచి 50,000 జీపుకి తీసి, మిగిలిన 1,40,000 ఎఫ్‌డీలో కలపండి. ఎఫ్‌డీ 3,20,000 అవుతుంది. జీపుకి 1,62,000 ఉంటుంది. కూలి తీసేస్తే ఎస్టిమేట్ 1,28,000, పనిముట్లకి 9,000, విప్పాక బయటపడే వాటికి 25,000. మీ హద్దు అదే, 1,62,000. పనిముట్లు 9,000కే ఎలా అంటారా? టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, డీజిల్ కంప్రెషన్ గేజ్ మాత్రం కొనుక్కోండి. చైన్ బ్లాక్ (ఇంజిన్ ఎత్తే గొలుసు కప్పీ), స్టాండ్ రెండు రోజుల పనికి అద్దెకి తెచ్చుకోండి. బోర్ గేజ్ అసలు అక్కర్లేదు, లేత్ షాపులో వాళ్లే కొలుస్తారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చిత్తూరులో మా అన్నయ్య పాత ట్రాక్టర్ ఇంజిన్‌ని పెరట్లో విప్పాడు. హుషారు మీద ముందే పిస్టన్లు, రింగులు కొనేశాడు. హెడ్ దించాడు, క్రాంక్ బయటికి తీశాడు, అక్కడికి చేతిలో డబ్బయిపోయింది. రేకుల కింద బ్లాకు అట్లాగే ఉండిపోయింది. వానలొచ్చాయి. నేను దసరాకి వెళ్లినప్పుడు సిలిండర్లో వేలు పెట్టి తిప్పితే చింతపండు పులుసు రంగులో తుప్పు అంటుకుంది. తర్వాత ఎప్పటికో లేత్ షాపుకి తీసుకెళ్తే, తుప్పు గుంటలు పోవాలంటే ఇంకో సైజు పెద్దది చేయాలన్నారు. ముందే కొన్న పిస్టన్లు దానికి పట్టవు. వార్తాపత్రికలో చుట్టిన ఆ నాలుగు పిస్టన్లు ఇప్పటికీ మా వదిన బీరువా మీదున్నాయి. మా అన్నయ్యకి పని రాక కాదు. డబ్బు పెట్టే వరస, ఇంజిన్ పని వరస కలవక.

ఆ వరస చెబుతాను. బ్లాకు లేత్ షాపుకి వెళ్లి కొలిచాకే 0.25 మి.మీ. పెద్దది చేయాలా, 0.50 చేయాలా, లైనర్లే (సిలిండర్ లోపలి గొట్టాలే) మార్చాలా అన్నది తేలుతుంది. ఆ తర్వాతే పిస్టన్లు కొనాలి. కొన్న పిస్టన్‌ని చేతిలో పెట్టుకుని దానికి తగ్గట్టు బోర్ చేస్తారు. బేరింగులూ అంతే. క్రాంక్ ఎంత గ్రైండ్ అయిందో తెలిశాకే వాటి సైజు. కాబట్టి జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో ఎంత మంచి రేటు దొరికినా కొలతలు చేతికి రాకముందు ఏదీ కొనొద్దు. మీ ఖాతాలో 1,62,000 పూర్తిగా చేరకముందు ఇంజిన్ అడుగు భాగం విప్పొద్దు.

మరి ఈ 14 నెలలు ఊరికే కూర్చోవాలా అంటే, లేదు. అసలు ఇంజిన్ బోరుకొచ్చిందో లేదో ముందు తేల్చండి. షెడ్డులో కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో) చూశారని మీరు ఎక్కడా రాయలేదు. ఎంఎం 540లో ఉండేది 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిన్. అందులో స్టార్టింగ్‌కి ముందు వేడిచేసే హీటర్ ప్లగ్గులు ఉంటాయి. రెండు ప్లగ్గులు పోయినా చలి పొద్దున స్టార్ట్ కాక ఏడిపిస్తుంది. అది వందల్లో పోయే ఖర్చు, లక్షల్లో కాదు. డీజిల్ పైపుల్లో గాలి చేరినా, ట్యాపెట్ గ్యాప్ తప్పినా స్టార్టింగ్ కష్టమే. కానీ నీలం పొగ, ఆయిల్ తాగడం వాటివల్ల రావు. అది పిస్టన్ రింగులో, బోరో, వాల్వ్ గైడ్లో (హెడ్‌లో వాల్వులు కదిలే దారులు) అయ్యుండాలి. వాల్వ్ గైడ్లయితే హెడ్ ఒక్కటి దించితే సరిపోతుంది. కంప్రెషన్ చూడటానికి పెట్రోల్ బండ్ల గేజి వాడొద్దు, డీజిల్ ఒత్తిడికి అది తట్టుకోదు. నాలుగు సిలిండర్లూ ఒకేలా తక్కువగా ఉన్నాయా, పక్కపక్కనున్న రెండే పడిపోయాయా చూడండి. పక్కపక్కన రెండే పడిపోతే హెడ్ గాస్కెట్ మీద అనుమానం. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీస్తే గాలి బుసబుసమని కొడుతోందా? కొడితే షెడ్డువాళ్లు చెప్పింది నిజమే. ఈ పరీక్షలకయ్యేది ఒక నెల 8,000లో సగం. దాంతో 1,60,000 నిర్ణయం తేలుతుంది. నేను ఇంతకంటే మంచి ఖర్చు చెప్పలేను.

ఇంజిన్ కంటే ముందు కాగితాలు చూసుకోండి, ఇది చాలా ముఖ్యం. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. యజమాని చనిపోతే వారసుడు పేరు మార్పుకి మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. ఆ గడువు దాటిపోయింది, ఇంకా జాప్యం చేయొద్దు. మదనపల్లెలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయించి, అమ్మగారి దగ్గర, అక్కాచెల్లెళ్లుంటే వాళ్ల దగ్గర అభ్యంతరం లేదని రాయించుకోండి. బావగారితో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది, లక్షన్నర పెట్టాక కాదు. 20 ఏళ్లు దాటిన కారు, జీపు లాంటి వాటికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గడువు దాటిన ప్రతి నెలకీ 500 అదనం. ఫిట్‌నెస్ ఖర్చు వేరే. 1500 సీసీ దాటిన బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 2022 జూన్ రేటు ప్రకారం 7,897, జీఎస్టీ కాక. ఇవన్నీ 1,62,000లో లేవు. ఖాతాలో వేసే 8,000 పోను మిగిలే 1,500, వచ్చే ఏడాది జీతం పెరిగితే ఆ పెరిగింది వీటికి తీసిపెట్టండి. ఛాసిస్ నంబరు తుప్పు పట్టి చెరిగిపోయిందేమో ఈ రోజే టార్చ్ వేసి చూడండి. అది చదవడానికి రాకపోతే ఇంజిన్ మీద రూపాయి పెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగాలి.

గుజిరీలో (పాత సామాను బజారులో) సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దొరుకుతుంది, మార్చేయమని ఎవరైనా అనొచ్చు. ఇంజిన్ నంబరు మారితే ఆర్‌సీలో రాయించాలి. ఆ ఇంజిన్ ఏ బండిదో కాగితం లేకపోతే మీరు చిక్కుల్లో పడతారు.

జీపు బెంగళూరులో ఉండాలా, మదనపల్లెలోనా అన్నది కూడా ఇంట్లో మాట్లాడుకోండి. వేరే రాష్ట్రం నంబరు బండి 12 నెలలు దాటి ఇక్కడ ఉంటే కర్ణాటక రిజిస్ట్రేషన్, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ వస్తాయి. మీరు తెచ్చి మూడు నెలలైంది. నా మాట వింటే, పరీక్షలన్నీ ఇక్కడ చేసుకుని, ఏడాది లోపల జీపుని ఊరికి చేర్చండి. పెద్ద పని అక్కడి ఇంట్లో పెట్టుకోండి. పేరు మార్పు, రెన్యువల్ కూడా అక్కడి ఆఫీసులోనే కాబట్టి తిరుగుడు తగ్గుతుంది. పైగా ఇక్కడిది అద్దె ఇల్లు. బెంగళూరులో అడ్వాన్స్ ఎంత కడతామో తెలిసిందే, పోర్టికోలో ఆయిల్ మరకలకి ఓనరు అందులోంచే కోస్తారు. కింద మందపాటి టార్పాలిన్ పరచండి, ఓనర్‌కి ముందే ఒక మాట చెప్పండి. తీసిన పాత ఆయిల్ మోరీలో పోయకండి, క్యానులో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి.

ఇంజిన్ దించే రోజు మాత్రం ఒంటరిగా ఉండొద్దు. అది ఇద్దరు ఎత్తే బరువు కాదు. కూలిలో ఆ ఒక్క రోజుది మిగిల్చుకోకండి, అనుభవమున్న మేస్త్రీని పిలిచి డబ్బులిచ్చి దింపించుకోండి. మీరు టర్మ్ ఇన్సూరెన్స్ గురించి ఏమీ రాయలేదు. లేకపోతే జీపు ఖాతా తెరవడానికంటే ముందు అది తీసుకోండి.

వచ్చే శనివారం హీటర్ ప్లగ్గులు విప్పి చూసి, కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు రీడింగులూ సిలిండర్ వరసలో కాగితం మీద రాయండి. అవి నాకు పంపండి. 1,60,000 అవసరమా, 40,000తో పోతుందా అన్నది అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.